అతుకు

లోపలికి పెన్సిల్ ఒక్కటే రానిస్తారు.
కలం, గొడుగు, సంచి, సగం తాగిన నీళ్ల సీసా
బయట అరలో పెట్టి తాళం వేశాను.
అమ్మమ్మ చెప్పిన మొరాకోని మాత్రం
ఎవరూ సోదా చేయలేదు, వెంట తీసుకెళ్లాను.

మా తాత బెలార్మినో
సెతూబల్ రేవులో సార్డీన్ డబ్బాలకు టంకం వేసేవాడు.
నూనెలో పడుకోబెట్టిన చేపల మీద మూత పెట్టి
అంచు చుట్టూ వెండి గీతలా కరిగించి
మూత ఎక్కడ మొదలైందో డబ్బాకే తెలియకుండా మూసేవాడు.
ఒక్కటి కారినా కూలి కోత.
అబద్ధమాడినా అతికినట్టుండాలన్న మాట
ఆయన పనిలోంచే పుట్టిందనుకునేదాన్ని చిన్నప్పుడు.

పంతొమ్మిది వందల ముప్ఫై రెండు, పెళ్లి చిట్టా.
"వరుడు సంతకం చేయలేదు, రాయడం రాదు గనుక"
అని గుమాస్తా రాశాడు.
ఎంత బాగా రాశాడో! తీగలు సాగే అక్షరాలు.
మా తాతకు రాదన్న సంగతిని
అంత శ్రద్ధగా ఇంకెవరూ రాయలేరు.

ముప్ఫై ఏడు, అమ్మ పుట్టుక.
అడుగున, గీత దాటి, ఏటవాలుగా
బెలార్మినో.
చివరి సున్న సరిగ్గా మూతపడలేదు.
లక్షల డబ్బాలు మూసిన చెయ్యి.

మధ్యలో అయిదేళ్లు.
ఓనమాలు ఎవరు దిద్దించారు?

మొరాకోలో నేర్చుకుని ఉంటాడు, అంది అమ్మ.
మొరాకో అంటే మా ఇంట్లో అన్నిటికీ జవాబు.
తాత దగ్గుకి మొరాకో ఇసుక.
చూపుడువేలి వంకరకి మొరాకో యంత్రం.
దీపం ఆర్పితే ఆయనకు నిద్ర పట్టకపోవడానికి
మొరాకో రాత్రులు.
భోజనాలయ్యాక వంటింటి నేల మీద ఒంటె అయ్యేవాడు:
ముందు మోకాళ్లు మడిచి, ఆగి, వెనకవి మడిచి,
నన్నెక్కించుకుని మూలుగుతూ లేచేవాడు.

పాస్‌పోర్టుల చిట్టాలో లేడు.
ఓడల చిట్టాల్లో లేడు, మూడు రేవులవీ వెతికాను.
అదే ఇంటిపేరుతో ఎవడో మేకల వ్యాపారి దొరికాడు,
వాడితో రెండు వారాలు పాడుచేసుకున్నాను.
చివరికి బల్ల దగ్గరి ఒదెత్,
కళ్లద్దాలు తుడుచుకుంటూ, నావైపు చూడకుండా,
"పోలీసు కాగితాలు అడిగారా?" అంది.

ఫొటోలు రెండు. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి.
పక్కదాంట్లో నా చెవి.
వృత్తి: టంకం. చదువు: లేదు.
నేరం: కరపత్రాలు దగ్గర ఉండడం.
చదవలేని మనిషి దగ్గర!
పెనీష్ కోట, ఇరవై నెలలు.
మూడు వైపులా సముద్రం, ఏ వైపూ మొరాకో కాదు.

సందర్శకుల పట్టీలో: భార్య, దెయోలిండ. ఆరుసార్లు.
అంటే రొట్టె మూట కట్టుకుని ఆ ఈదురుగాలిలోకి ఆరుసార్లు పోయి
తిరిగొచ్చి, వీధి కొళాయి దగ్గర చెప్పేదన్నమాట,
అక్కడ ఎండలు మండిపోతున్నాయట, అని.
ఇద్దరూ చెరో వైపు నుంచీ వేసిన టంకం.
ఎనభై ఏళ్లు చుక్క కారలేదు.

శిక్షల పుస్తకంలో ఒక్క నమోదు:
"గది గోడ మీద బొగ్గుతో అక్షరాలు, ఒక జంతువు బొమ్మ.
మూడు రోజులు చీకటి కొట్టు."
ఏ అక్షరాలో రాయలేదు. ఏ జంతువో రాయలేదు.
ఆ గదిలో ఉన్న మిగతా పదకొండు పేర్లూ
పెన్సిల్‌తో ఎత్తి రాసుకున్నాను.
వాళ్లలో ఒకరు ఆ వంకర వేలు పట్టుకుని దిద్దించారు.
ఎవరో. వాళ్ల మనవలు ఏ ఊళ్లో ఉన్నారో.

విడుదల రసీదు:
తోలు బెల్టు, దువ్వెన, రెండు నాణేలు ముట్టినవి.
కింద చేవ్రాలు, మొట్టమొదటిది,
కాగితం చిరిగేంత నొక్కి.

గొడుగు అరలోనే మరిచిపోయి మెట్లు దిగాను.
అక్షరం పక్కన బొమ్మ గీసి చూపిస్తారు కదా
పిల్లలకు.
అది ఒంటే అయి ఉంటుంది.
ముందు మోకాళ్లు మడిచి, ఆగి.